అల్లం సోడాకు పంచదార కలపడం: మరిగించడం నుంచి మూత బిగించేదాకా

ఇంట్లో ఈస్టుతో అల్లం సోడా చేసుకునేవాళ్లు ఏదైనా తేడా వస్తే ముందు అల్లాన్ని తిడతారు, తర్వాత ఈస్టును. సోడా గంజిలా సాగిందా, అల్లం నాసిరకం. పాత గుడ్డ వాసన వేసిందా, ఈస్టు పాతది. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది చివర్లో గ్యాసు కోసం వేసిన పంచదారను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పంచదారను తీసిన చెంచాను, దాన్ని కరిగించిన నీళ్లను, చల్లారేదాకా మూత లేకుండా ఉంచిన గిన్నెను. కషాయాన్ని అరగంట మరిగించి, సీసాలను ఒకటికి రెండుసార్లు కడిగి, ఆఖర్న పంచదార డబ్బాలోంచి తడి చెంచాతో తీసి అలాగే వేసేస్తే అంతకుముందు పడ్డ శ్రమంతా వృథా.

గోదావరి డెల్టాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు గాలిలోనే చెమ్మ ఉంటుంది. వెచ్చదనం సరేసరి. పొద్దున చెట్టు మీది నుంచి దింపిన తియ్యటి తాటి నీరా మధ్యాహ్నానికి కల్లుగా పొంగడానికి ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు. గాలిలో, కుండలో, పువ్వు మీద ఉన్న ఈస్టే ఆ పని చేస్తుంది. అందుకే నీరా పులవకూడదనుకునేవాళ్లు కుండ లోపల సున్నం పూస్తారు. తీపి నీళ్లు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆ సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. మీరు కరిగించి పక్కన పెట్టిన పంచదార నీళ్లు వాటికి తీపి నీళ్లే.

మొదలుపెట్టే ముందు చట్టం మాట ఒకటి. సీసాలో పంచదార వేసి గ్యాసు పుట్టించే పద్ధతి ఇంట్లో బీరు కాచుకునేవాళ్లది. అమెరికాలో 1978లో చట్టం మార్చి, సొంతానికి బీరు కాచుకోవడానికి దారి ఇచ్చారు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. అందుకే ఇక్కడ చెప్పేది అల్లం సోడా గురించి. ఈస్టు పంచదారను తిన్నప్పుడు కార్బన్ డయాక్సైడుతో పాటు కాస్త ఆల్కహాలు కూడా పుడుతుంది, అది తప్పదు. లీటరుకు 7 గ్రాముల పంచదార మొత్తం పులిసినా ఆ ఆల్కహాలు అర శాతం దాటదు. మన దేశంలో ఆల్కహాలిక్ పానీయాలకు 2018లో వచ్చిన ఆహార భద్రత నిబంధనలు గీత గీసింది కూడా ఆ అర శాతం దగ్గరే. కాబట్టి ఈ 7 గ్రాముల లెక్కను దాటకండి. మద్యం చుక్క కూడా ముట్టనివాళ్లు ఇంటికి వస్తే విషయం చెప్పి, తాగాలో వద్దో వాళ్లకే వదిలేయండి.

కషాయం ముందురోజే

6 లీటర్ల సోడాకు 200 గ్రాముల అల్లం సరిపోతుంది. ఘాటు కావాలంటే 300 వేసుకోండి. మట్టి పోయేలా కడిగి, దంచి, ఆరున్నర లీటర్ల నీళ్లలో అరగంట మరిగించండి. స్టవ్ కట్టేశాక, ఇంకా పొగలు కక్కుతున్నప్పుడే ఎనిమిది నిమ్మకాయల రసం పిండండి. చల్లారాక పిండితే రసంతో పాటు తొక్క మీది సూక్ష్మజీవులు కూడా దిగుతాయి. వేడిలో పిండితే అవి చస్తాయి. నిమ్మ రుచి కొంత తగ్గుతుంది, ఆ మాత్రం నష్టం ఓర్చుకోవచ్చు. ఈ పులుపు రుచికి మాత్రమే కాదు. బీరుకు హాప్స్ అనే పువ్వుల చేదు, ఆల్కహాలు కాపలా కాస్తాయి. మన సోడాకు ఆ రెండూ లేవు. ఉన్న కాపలా పులుపు ఒక్కటే. నిమ్మరసం తగ్గించకండి.

వేడిగానే వడకట్టి, మూత పెట్టి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అల్లంలో పిండి పదార్థం ఉంటుంది. తెల్లారేసరికి అది గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. పైనున్న తేట మాత్రమే మనకు కావాలి.

పంచదారను కషాయంతో పాటే మరిగించేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రెండు కారణాల వల్ల అలా చేయవద్దంటాను. ఒకటి, మరిగి, వడకట్టి, అడుగు వదిలేసి తేట తీసేసరికి ఎంత మిగులుతుందో ముందు తెలియదు. 7 గ్రాముల లెక్క మిగిలినదానికి వేయాలి, మొదట పోసిన నీళ్లకు కాదు. రెండు, తీపి లేని పుల్లటి కషాయం రాత్రంతా నిశ్చింతగా తేరుకుంటుంది. తీపి కలిపినది, అందులోనూ కరెంటు పోయిన రాత్రి, మన ఈస్టు కోసం ఎదురుచూడదు. దొరికినదానితో పులవడం మొదలుపెడుతుంది.

ఏ పంచదార

మామూలు తెల్ల పంచదార చాలు. పొడిగా ఉన్న పంచదారలో ఏదీ పెరగలేదు, ఎందుకంటే సూక్ష్మజీవులు తాగడానికి అందులో నీరు లేదు. అయితే పెరగకపోవడం వేరు, చావడం వేరు. బూజు విత్తులు, అడవి ఈస్టులు, కొన్ని బాక్టీరియాలు పొడి పంచదారలో నిద్రపోతూ నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు తగిలిన రోజున లేస్తాయి. చెరకు రసాన్ని జిగురుగా మార్చే ల్యూకోనాస్టాక్ అనే బాక్టీరియా ఒకటి ఉంది. చక్కెర మిల్లులకు అది పాత శత్రువు. పంచదారను తిని సాగే జిగురును తయారుచేస్తుంది. గంజిలా సాగే సోడాకు కారణం తరచుగా దీని బంధువర్గమే. మరిగిస్తే తేలిగ్గా చస్తుంది.

కొత్త ప్యాకెట్టు కొనండి. పావుకిలోది దొరికితే అదే మేలు. వంటింటి డబ్బాలోని పంచదార టీకి వాడుకోండి. ఆ డబ్బాలోకి రోజుకు ఎన్ని తడి చెంచాలు దిగుతాయో ఇంట్లో అందరికీ తెలుసు. వానాకాలంలో డబ్బా అడుగున గడ్డకట్టిన పంచదారను అసలే తీయకండి. గడ్డకట్టిందంటే చెమ్మ తగిలిందని అర్థం. అలాంటి చిక్కటి తీపిలో కూడా బతకగల ఈస్టులు ఉన్నాయి. చీమలు పట్టిన పంచదారను ఎండలో పెడితే చీమలు పోతాయి గానీ, అవి కాళ్లతో మోసుకొచ్చినవి పోవు.

ఇక బెల్లం. డెల్టాలో బెల్లం మాట ఎత్తకుండా తీపి గురించి మాట్లాడటం కష్టం. తాటి బెల్లంతో చేసిన అల్లం సోడా రుచికి నేను ఓటేస్తాను. కానీ బెల్లంలో చెమ్మ ఉంటుంది, గడ్డి పరకలు ఉంటాయి, కళాయి నుంచి కొట్టు దాకా అది చూసిన చేతులు, ఈగలు లెక్కలేనన్ని. బెల్లం వాడితే ముందు కరిగించి, పలచటి గుడ్డలో వడకట్టి, ఆ తర్వాత మరిగించండి. ముందు మరిగించి తర్వాత వడకడితే గుడ్డలోని మురికి మళ్లీ దిగుతుంది. బెల్లం అంతా పులిసే తీపి కాదు, అందులో ఆ తీపి ఎంతో అచ్చుకు అచ్చు మారుతుంది. లీటరుకు 8 గ్రాములతో మొదలుపెట్టి చూసుకోండి. పటిక బెల్లం వద్దు, అందులోని దారం చాలు చికాకు పెట్టడానికి. మిఠాయిల కోసం అమ్మే పంచదార పొడిలో ఉండకట్టకుండా పిండి కలుపుతారు, అదీ వద్దు. తేనెను దాటేయండి.

తూకం

చెంచాలతో కొలవకండి. చెంచా నిండుగానా, తలగొట్టా అన్నదాంట్లోనే గ్రాము తేడా వస్తుంది. వంటింటి డిజిటల్ త్రాసు ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతోంది. అది లేకపోతే తెలిసిన బంగారం కొట్టుకు వెళ్లి తూయించుకు రండి. నవ్వుతారు, అయినా తూస్తారు.

పొద్దున తేటను కొలపాత్రతో కొలవండి. 6 లీటర్లుంటే 42 గ్రాముల పంచదార, 5 లీటర్లయితే 35. కాగితం మీద రాసుకుని తూయండి. ఇది తీపికి వేసే పంచదార కాదని మళ్లీ చెబుతున్నాను. ఈస్టు దీన్ని పూర్తిగా తినేస్తుంది, సోడాలో తీపి మిగలదు. రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు తాగి పెరిగిన నాలుకకు ఇది చప్పగానే అనిపిస్తుంది. తీపి కావాలంటే తాగేటప్పుడు గ్లాసులో కలుపుకోండి. లేదా నిమ్మకాయ, ఉప్పు వేసుకోండి. తీపి కోసమని సీసాలోనే ఇంకో గుప్పెడు పంచదార వేస్తే ఆ గుప్పెడునూ ఈస్టు గ్యాసుగా మారుస్తుంది. గాజు సీసాలు పేలి కళ్లు పోయే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఇక్కడే.

నీళ్లు

పంచదార కరిగించడానికి కావాల్సింది 150 మిల్లీలీటర్లు మాత్రమే. ఇంత కొంచెం నీళ్లకు మంచి నీళ్లే వాడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అవి రుచిని చెడగొడతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి డెల్టా ఊళ్ల చెరువులకు కాలువే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువులో మిగిలిన నీళ్ల రంగు మీకే తెలుసు. టిన్ను నీళ్లు తెచ్చుకోండి. అయితే టిన్ను నీళ్లయినా నేరుగా కలపకండి. మూత తీసి నాలుగు రోజులుగా కుళాయి బిగించి ఉన్న టిన్నులో ఏమేం చేరాయో ఎవరికీ తెలియదు. మరగాల్సిందే.

మరిగించడం: కుక్కర్ పద్ధతి

చాలామంది గిన్నెలో మరిగిస్తారు. అదీ పనికొస్తుంది, కింద చెబుతాను. నాకు మాత్రం కుక్కరే నచ్చుతుంది.

మూత వదులుగా కూర్చునే చిన్న స్టీలు డబ్బా తీసుకోండి. బిగుసుకుపోయే క్లిప్పుల మూత వద్దు, ఆవిరికి దారి ఉండాలి. తూచిన పంచదార, 150 మిల్లీలీటర్ల నీళ్లు అందులో పోసి మూత పెట్టండి. కుక్కర్‌లో రెండు గ్లాసుల నీళ్లు పోసి, అడుగున చిల్లుల పళ్లెం వేసి, దాని మీద డబ్బా నిలబెట్టండి. డబ్బా పక్కనే ఒక స్టీలు గరిటె, ఒక స్టీలు గరాటు కూడా పెట్టేయండి. తర్వాత వాటితో పని ఉంది. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి పావుగంట ఉంచండి.

కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. మామూలు మరుగు 100 డిగ్రీలకు చావని బాక్టీరియా విత్తులు కూడా ఆ వేడికి నిలవవు. నిజానికి సోడాలో ఇంత పులుపు ఉండగా ఆ విత్తులు మొలకెత్తలేవు కాబట్టి ఇది అవసరానికి మించిన పనే. కుక్కర్‌ను నేను మెచ్చుకోవడానికి అసలు కారణాలు వేరే. నీరు ఆవిరై పోదు కాబట్టి కొలత మారదు. అడుగంటదు. అన్నిటికంటే ముఖ్యం, అది తాళం వేసిన పెట్టె. చల్లారేదాకా ఎవరూ మూత తీసి చూడరు, వేలు పెట్టి రుచి చూడరు, చీమలు చేరవు. స్టవ్ కట్టేసి, వెయిట్ తీయకుండా, ప్రెషర్ దానంతటదే దిగేదాకా వదిలేయండి. సోడా కలిపే నిమిషం వరకు కుక్కర్ తెరవకండి.

గిన్నెలో చేసేవాళ్లకు: నీళ్లు, పంచదార కలిపి మొదట్లోనే కరిగేదాకా తిప్పండి, లేకపోతే అడుగంటుతుంది. బుడగలు బాగా లేచి మరగడం మొదలయ్యాక 10 నిమిషాలు చూసుకోండి. నీరు ఇగురుతుంది కాబట్టి ఒక గ్లాసు నిండుగా పోసుకోండి. మనకు పాకం రాకూడదు. వేళ్ల మధ్య తీగ సాగుతోందా అని చూసే అలవాటు ఈ ఒక్కరోజుకు మానుకోండి. పాకం ముదిరితే తేటలో కలవకుండా అడుగున కూర్చుంటుంది. ఆఖరి రెండు నిమిషాలు మూత పెట్టి మరిగించండి. ఆవిరి మూత లోపలి భాగాన్ని కూడా శుభ్రం చేస్తుంది. ఆ మూత ఇక తీయకూడదు. నిమ్మరసం వేస్తే పంచదార విడిపోయి ఈస్టుకు సులువవుతుందని కొందరు చెబుతారు. అక్కర్లేదు, ఆ విడగొట్టే పని ఈస్టు తానే చేసుకుంటుంది.

చల్లార్చడం

సూక్ష్మజీవులు దిగేది ఈ దశలో. మరుగుతున్నంతసేపూ అందరూ జాగ్రత్తగానే ఉంటారు, స్టవ్ కట్టేయగానే ధ్యాస వేరే పని మీదికి పోతుంది. గోరువెచ్చటి తీపి నీళ్లు, తెరిచిన గిన్నె, పైన తిరుగుతున్న ఫ్యాను. ఫ్యాను గాలి అంటే ఇంటి దుమ్మంతా గిన్నె మీదుగా పోవడమే.

మూత పెట్టిన గిన్నెను వెడల్పాటి బేసిన్‌లో చన్నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. నీళ్లు గిన్నె సగానికి మించకూడదు. పాలగిన్నెకు చీమలు పట్టకుండా పళ్లెంలో నీళ్లు పోసి పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే, ఇక్కడ అది రెండు పనులూ చేస్తుంది. నీళ్లు వెచ్చబడితే ఒకసారి మార్చండి. చల్లారిందో లేదో గిన్నె బయట చెయ్యి ఆనించి చూడండి, లోపల వేలు పెట్టకండి. ఐసుముక్కలు వేసి చల్లార్చకండి. ఫ్రిజ్‌లోని ఐసును ఎవరూ మరిగించలేదు. ఒంటికి వెచ్చగా తగిలే వేడికి వచ్చాక వాడుకోవచ్చు, పూర్తిగా చల్లబడనక్కర్లేదు. మరిగించినది ఆ పూటే వాడండి. రేపటికి దాచిన పంచదార నీళ్లను మళ్లీ మరిగించాల్సిందే.

పాత్రలు, సీసాలు

స్టీలు, గాజు అయితే మరిగే నీళ్లే చాలు. గాజు సీసాలను చన్నీళ్లలో పెట్టి నెమ్మదిగా వేడి చేసి, మరిగాక 10 నిమిషాలు ఉంచండి. వేడి నీళ్లలో చల్లటి సీసా వేస్తే పగులుతుంది. కానీ ఈ పని కొత్తగా చేసేవాళ్లు గాజు వదిలేసి కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలు వాడండి. అవి గ్యాసు ఒత్తిడి కోసమే చేసినవి. గట్టిపడ్డాయో లేదో నొక్కి చూస్తే తెలుస్తుంది. పలచటి మంచినీళ్ల సీసాలు పనికిరావు. గోళీ సోడా సీసా మీద మోజు చాలామందికి ఉంటుంది. అందులో గోళీ మెడకు అతుక్కోవాలంటే నింపేటప్పుడే లోపల గ్యాసు ఒత్తిడి ఉండాలి. మన సోడాలో గ్యాసు పుట్టేది మూత వేశాక కదా, కాబట్టి అది కుదరదు.

కూల్‌డ్రింకు సీసాలను వేడి నీళ్లలో వేస్తే ముడుచుకుపోతాయి. వాటికి మందు కావాలి. వాసన, రంగు కలపని, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచింగ్ ద్రావణం 15 మిల్లీలీటర్లు 4 లీటర్ల నీళ్లలో కలపండి. ముందు సీసాలను సబ్బుతో కడిగి, జిడ్డంతా పోయాకే ఇందులో ముంచండి. జిడ్డు కింద దాక్కున్నదాన్ని ఏ మందూ చంపలేదు. మూతలతో సహా 20 నిమిషాలు ఉంచి, మరిగించి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు కడగండి. కుళాయి నీళ్లతో కడిగితే చేసిన పనంతా పోయినట్లే. వాసన మిగిలితే ఇంకోసారి కడగండి. క్లోరిన్ మిగిలితే సోడాకు ఆసుపత్రి వాసన వస్తుంది. ఈ ద్రావణంలో వెనిగర్, నిమ్మరసం, బాత్‌రూము ఆసిడ్ ఏవీ కలవకూడదు, విషవాయువు పుడుతుంది. స్టీలు సామాన్లు ఎక్కువసేపు నానబెడితే మచ్చలు పడతాయి. పంచాయతీ చెరువులో చల్లే బ్లీచింగ్ పౌడర్ దీనికి వద్దు. దాని బలం నిల్వ ఉన్నకొద్దీ తగ్గిపోతుంది, అడుగున సున్నం మిగుల్తుంది.

కలపడం

చేతులు కడుక్కోండి. ఫ్యాను ఆపండి. కిటికీ పక్కన కాకుండా చూసుకోండి. ఇక వరస ముఖ్యం.

మరిగే నీళ్లతో కడిగిన పెద్ద స్టీలు గిన్నెలో ముందు పంచదార నీళ్లు పోయండి. దాని మీద అల్లం తేటను పోయండి. తేట వచ్చి పడే ఊపుకే చాలావరకు కలిసిపోతుంది. పంచదార నీళ్లు బరువు. తేటలో పైనుంచి పోస్తే అడుగుకు దిగి అక్కడే ఉంటాయి. అలా నింపిన సీసాల్లో కొన్ని చప్పగా మిగులుతాయి, ఇంకొన్ని రాయిలా బిగుస్తాయి. పోశాక కుక్కర్‌లో ఉంచిన గరిటెతో అడుగు నుంచి పైకి నెమ్మదిగా ఓ పదిసార్లు తిప్పండి. గిలక్కొట్టకండి. ఈ తిప్పడానికి చేతికందిన చెక్క గరిటె తీస్తే ఇంతవరకు చేసినదానికి అర్థం లేదు. పులుసు, పప్పు, పచ్చడి అన్నీ తాగిన చెక్క అది.

ఈస్టును తోడులాగే చూడాలి: కొంచెం చాలు, గోరువెచ్చగా ఉండాలి. మరిగించి చల్లార్చిన పావు గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా పొడి ఈస్టు చల్లి పది నిమిషాలు మూత పెట్టండి. నానాక తేటలో కలపండి. కొత్త ప్యాకెట్టునే కత్తిరించండి, కత్తెరను ముందు మరిగే నీళ్లలో ముంచండి. తేట ఫ్రిజ్ చల్లదనం వదిలి గది వేడికి వచ్చాక కలపడం మంచిది, మరీ చల్లగా ఉంటే ఈస్టు మొరాయిస్తుంది.

గరాటు పెట్టి సీసా మెడ మొదలయ్యేదాకా నింపి మూత బిగించండి. గరాటు చివర బల్ల మీద ఆనిందా, మళ్లీ మరిగే నీళ్లు పోయండి.

రెండు మూడు సీసాలే చేసేవాళ్లకు

ఒక్కో సీసాలో పొడి పంచదార వేయడం కనిపించేంత సులువు కాదు. గరాటు కాస్త చెమ్మగా ఉన్నా పంచదార దాని గొంతులో అతుక్కుంటుంది, ఏ సీసాలో ఎంత పడిందో తెలియదు. పైగా అది మరగని పంచదార. దానికి బదులు మందుల షాపులో 10 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా, సీలు తీయనిది కొనండి. అది క్రిమిరహితం చేసి ప్యాక్ చేసినదే. 84 గ్రాముల పంచదారను నీళ్లతో మరిగించి, చల్లారాక, మరిగించిన నీళ్లు చేర్చి మొత్తం 160 మిల్లీలీటర్లు చేయండి. కొలవడానికి గీతలున్న గాజు పాలసీసాను మరిగించి వాడుకోవచ్చు. ఇందులోంచి ఒక్క సిరంజి, అంటే 10 మిల్లీలీటర్లు, 750 మిల్లీలీటర్ల సీసాకు సరిగ్గా సరిపోతుంది. మిగిలినది పారబోయండి, లేదా నిమ్మకాయ నీళ్లలో కలుపుకోండి. సిరంజిని మళ్లీ వాడే ఆశ పెట్టుకోకండి, లోపలి రబ్బరు దగ్గర తీపి ఇరుక్కుంటుంది.

విదేశాల్లో బీరు కాచే మనవాళ్లకు

భీమవరం నుంచో అమలాపురం నుంచో వెళ్లి, చట్టం ఒప్పుకునే చోట ఇంట్లో బీరు కాచేవాళ్లకూ మరిగించడం, చల్లార్చడం, కలిపే వరస ఇవే. కొలతలు మాత్రం వేరు. పులిసి పూర్తయిన బీరులో కొంత గ్యాసు ముందే కరిగి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 6 గ్రాముల పంచదార చాలు. 19 లీటర్లకు సుమారు 115 గ్రాములు, అరలీటరు నీళ్లలో. డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజు పొడి, వాడితే పదో వంతు ఎక్కువ వేయాలి. బీరు పూర్తిగా పులిసిందని, సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో తేల్చుకున్నాకే వేయండి. మన సోడాలో పంచదార అయిపోతే ఆట ముగుస్తుంది. బీరులో అలా కాదు. మామూలు ఈస్టు తినలేని పిండి తీపులు అందులో మిగిలి ఉంటాయి. మురికి చెంచాతో వచ్చిన అడవి ఈస్టు వాటిని నెలల తరబడి నెమ్మదిగా తింటుంది. సీసాలు పొంగేది, పేలేది అందుకే.

సీసాలు నింపాక

డెల్టా వేడికి రెండు రోజుల్లో సీసా బిగుస్తుంది. మే నెలలో ఒక్క రోజు కూడా చాలవచ్చు. రోజుకు రెండుసార్లు నొక్కి చూడండి. కొత్త కూల్‌డ్రింకు సీసాలా గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రాత్రి చల్లబడితే గ్యాసు సోడాలోకి కరుగుతుంది. రెండు వారాల్లో తాగేయండి.

అడుగున సన్నటి తెల్ల మడ్డి ఈస్టుది, అది సహజం. సీసా మెడ లోపల పైనున్న తడి అంచు చుట్టూ తెల్లటి వలయం కట్టినా, పైన ముడతలు పడ్డ పొర తేలినా, వంచినప్పుడు సోడా నూనెలా సాగినా, నిమ్మ పులుపు కాని కుళ్లు పులుపు వాసన వచ్చినా రుచి చూడకుండా పారబోయండి. ఒక్క సీసాలోనే అలా అయితే తప్పు ఆ సీసాది, దాని మూతది. అన్నీ అలాగే ఉంటే పంచదార నీళ్ల దగ్గర, తిప్పిన గరిటె దగ్గర, చల్లార్చిన గిన్నె దగ్గర వెతకండి. ఏ సీసా అయినా మిగతావాటికంటే మరీ రాయిలా ఉంటే చేత్తో పిసకకండి. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, తడి తువ్వాలు చుట్టి, సింకులో ఉంచి, మూతను వెంట్రుకవాసి వదులు చేసి గ్యాసు పోనివ్వండి. ఆ తర్వాత తూకం రాసుకున్న కాగితం తీసి చూడండి.